తెలిసియు తెలియనట్లు

కేన్సరు ఆసుపత్రిలోని బాలల వార్డులో, బిడ్డ వ్యాధి ఇక మందులకు లొంగదని వినిన తలిదండ్రులు, కన్నీరు తుడుచుకొని, గది తలుపు దగ్గరగా వేసి, వైద్యునితో మొట్టమొదట పలుకు మాట ఇంచుమించు ఎల్లప్పుడును ఒక్కటే: "ఏం చెప్పినా మాకు చెప్పండి సార్, పిల్లోడికి మాత్రం తెలియనివ్వకండి." ఈ వేడికోలులో అపారమైన ప్రేమయు, అంతకు తీసిపోని భయమును కలవు, వానితో పాటు తెలుగునాట ప్రతి గడపలోను వినవచ్చు ఒక నమ్మకమును కలదు. అశుభము పలికినచో తథాస్తు దేవతలు విని "అట్లే యగుగాక" యందురనియు, కావున చెడు మాట నోట రానీయరాదనియు పెద్దలు మనకు పసితనముననే నేర్పుదురు. జ్వరముతో మూలుగుచున్న బిడ్డ "అమ్మా, నేను చచ్చిపోతానా?" అనగానే తల్లి వాని నోటికి చేయి అడ్డము పెట్టి "ఛ, అవేం మాటలురా" అని గదమాయించుట మన మందరము ఎరిగినదే. మామూలు జ్వరమునకు ఆ గదమాయింపు చాలును. బిడ్డకు ధైర్యము సైతము కలుగును. కాని తిరుగబెట్టిన ల్యుకేమియా అను రక్తపు కేన్సరుతో మూడవ మారు అదే మంచము మీదికి వచ్చిన ఎనిమిదేండ్ల బాలుని విషయమున ఆ చేయి నోటిని మాత్రమే మూయగలదు. లోపల నడచుచున్న ఆలోచనను ఆపలేదు. అట్టి పిల్లలకు చేయవలసిన మానసిక సంరక్షణమును గూర్చి వైద్యశాస్త్రము గత అర్ధశతాబ్దిలో తెలిసికొనిన దానిలో అధికభాగము ఈ ఒక్క విషయము చుట్టును తిరుగుచున్నది.

పూర్వపు వైద్యులు మౌనమును సమర్థించుకొనుటకు శాస్త్రమునే ఆశ్రయించిరి. మారియా నాగి అను పరిశోధకురాలు బుడాపెస్టులో మూడేండ్ల మొదలు పదేండ్ల వరకు వయస్సు గల 378 మంది పిల్లల భావములను పరిశీలించి 1948లో ప్రకటించిన వ్యాసము ప్రసిద్ధమైనది. ఐదేండ్ల లోపు వారు మరణమును నిద్ర వలెనో ప్రయాణము వలెనో, తిరిగి వచ్చుటకు వీలున్న స్థితిగా తలతురనియు, తరువాతి కొన్ని యేండ్లు దానిని వచ్చి పట్టుకొనిపోవు ఒక వ్యక్తిగా ఊహింతురనియు, తొమ్మిదేండ్లు దాటిన పిమ్మట గాని అది అందరికిని తప్పనిదని గ్రహింపరనియు ఆమె వ్రాసెను. దీనిని బట్టి పదేండ్ల లోపు బిడ్డకు చెప్పవలసిన దేమియు లేదని పెద్దలు సులభముగా తీర్మానించుకొనిరి. అయితే నాగి చూచిన పిల్లలు ఇంటిపట్టున పెరుగుచున్న ఆరోగ్యవంతులు. వారి జ్ఞానమును కొలబద్దగా తీసికొని, ఆసుపత్రి మంచముల నడుమ ఏండ్ల తరబడి బ్రతికిన పిల్లల జ్ఞానమును నిర్ణయించుట ఎంత వరకు సమంజసమో ఆనాడు ఎవరును అడుగలేదు.

విచిత్ర మేమనగా, ఆ 1948లోనే బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు అమినోప్టెరిన్ అను ఔషధముచే ల్యుకేమియా బాలురలో కొందరికి తాత్కాలికముగ వ్యాధి తగ్గినట్లు ప్రకటించెను. అంతకు ముందు ఆ వ్యాధి సోకిన బిడ్డ వారములలోనో కొలది మాసములలోనో గతించెడిది. ఔషధములు వచ్చిన పిమ్మట వాడు ఇంటికి పోవుట, మరల వచ్చుట, కోలుకొనుట, మరల పడకబట్టుట అను చక్రములో దీర్ఘకాలము నిలిచెను. వైద్యము బిడ్డకు ఆయుష్షు నిచ్చినది. ఆయుష్షుతో పాటు, తనకేమి జరుగుచున్నదో చూచి నేర్చుకొనుటకు వలసిన వ్యవధిని గూడ ఇచ్చినది.

ఆ నేర్పు ఎంత లోతైనదో మొదట చూపిన వారిలో యూజీనియా వెక్టర్ అను నర్సు ఒకరు. ఆమె ఆరేండ్ల మొదలు పదేండ్ల వరకు గల 64 మంది పిల్లలను నాలుగు తెగలుగా తీసికొని, కొన్ని చిత్తరువులను చూపి కథలు చెప్పుమనెను. ప్రాణాంతక వ్యాధి గల పిల్లల కథలలో కనబడిన ఆందోళన, ఆసుపత్రిలోనే యున్న తక్కిన పిల్లల ఆందోళనకు దాదాపు రెట్టింపుగ నుండెను. తమ స్థితిని గూర్చి ఇంటివారితో మాటాడుటకు అవకాశము గలిగిన పిల్లలలో అది తక్కువగ నుండుటయు 1971లో ప్రకటితమైన ఆ పరిశోధనము చూపినది.

అంతకన్న వివరముగ ఈ సంగతిని చూచినది మైరా బ్లూబాండ్-లాంగ్నర్ అను మానవశాస్త్రజ్ఞురాలు. అమెరికా మధ్యపశ్చిమ ప్రాంతమున ఒక పెద్ద ఆసుపత్రిలో, మూడేండ్ల మొదలు తొమ్మిదేండ్ల వరకు వయస్సు గల ల్యుకేమియా పిల్లల నడుమ ఆమె మాసముల తరబడి కూర్చుండెను. ప్రశ్నపత్రములు పంచలేదు; వారితో ఆడెను, వారు మాటాడినది వినెను, మాటాడనిది గమనించెను. 1978లో వెలువడిన ఆమె గ్రంథము ననుసరించి పిల్లల యెరుక ఐదు మెట్లుగా పెరుగును. తనది పెద్ద జబ్బని మొదట తెలియును. పిదప మందుల పేర్లును, వాని వలని బాధలును తెలియును. ఏ పరీక్ష ఎందుకు చేయుదురో తరువాత తెలియును. జబ్బు తగ్గుట, తిరుగబెట్టుట ఒక వరుసగా సాగునని నాలుగవ మెట్టున తెలియును. ఆ వరుసకు అంతమున్నదని, ఆ యంతము మరణమని కడపట తెలియును. ఈ చివరి మెట్టు ఎక్కించునది సాధారణముగ తనవంటి జబ్బే గల మరియొక బిడ్డ పోయిన వార్త. ఇందులో గమనింపదగిన విశేష మేమనగా, ఈ యెరుకకు వయస్సుతో గాని తెలివితేటలతో గాని సంబంధము లేదు. చేరిన కొత్తలో నున్న తొమ్మిదేండ్ల చురుకైన పిల్లవాని కన్న, పలుమార్లు జబ్బు తిరుగబెట్టిన నాలుగేండ్ల పసివాడు ఎక్కువ ఎరిగియుండవచ్చును. అనుభవమే గురువు.

ఆ వార్డు పిల్లలకు తమ వద్ద నున్న పుస్తకములలో మిక్కిలి ఇష్టమైనది ఈ.బి. వైట్ వ్రాసిన 'షార్లట్స్ వెబ్' అను బాలల నవల. అందులో షార్లట్ అను సాలెపురుగు తన మిత్రమైన పందిపిల్లను కాపాడి, తాను సంతచోట ఒంటరిగ మరణించును. పిల్లలు మరల మరల చదివి వినిపింపుమని కోరినది ఆ మరణపు అధ్యాయమునే. వార్డులో ఏ బిడ్డయైన పోయినప్పుడు ఆ పుస్తకమునకు గిరాకి పెరిగెడిది. పోయిన పిల్లల పేర్లెత్తుటకు, వారి ఆటవస్తువులు ముట్టుటకు వారు ఇష్టపడలేదు. బడికి తిరిగి పోవుటను గూర్చి, పెద్దయిన పిదప చేయదలచిన పనులను గూర్చి మాటలు క్రమముగ మానివేసిరి. వచ్చు పండుగను ముందుగనే జరుపుకొందమని కొందరడిగిరి. పని ఆలస్యమైనచో కాలము వృథాచేయుచున్నారని పెద్దలపై విసుగుకొనిరి. ఈ లక్షణములలో ఏ ఒక్కటియు ప్రశ్న కాదు. కావుననే పెద్దలు "వాడేమీ అడగలేదండీ, వాడికేం తెలియదు" అని నమ్మగలిగిరి.

మరి తెలిసిన పిల్లలు ఏల చెప్పరు? ఇక్కడనే బ్లూబాండ్-లాంగ్నర్ పరిశోధనమునకు గల విలువ అంతయు నున్నది. గ్లేజరు, స్ట్రౌసు అను ఇరువురు సామాజిక శాస్త్రజ్ఞులు 1965లో, మరణాసన్నులైన పెద్దల విషయమున, రోగియు బంధువులును ఉభయులు ఎరిగియుండియు ఎరుగనట్లు నటించు ఒక స్థితిని వర్ణించిరి. పసిపిల్లలు ఈ నటనలో పెద్దల కేమాత్రము తీసిపోరని ఆమె చూచెను. తల్లి వచ్చునప్పటికి బిడ్డ మొగము మార్చుకొనును. ఏ విషయమెత్తిన అమ్మ కన్నీరు పెట్టుకొనునో వానికి కంఠస్థము. ఆ విషయమును దాటవేయును. పొరపాటున మాట జారినచో ఇరువురును వినబడనట్లు బొమ్మల మీదికో, టిఫిను మీదికో మాట మరలింతురు. తలిదండ్రులకు మంచి తలిదండ్రులుగా ఉండుటకు, తనకు వారి బిడ్డగా ఉండుటకు మిగిలిన మార్గము అదియే యని వానికి తోచును. మాటాడినచో అమ్మ గదిలో నుండి లేచి పోవునేమో యను భయము చావు భయము కన్న దగ్గరిది. ఈ విధముగ, బిడ్డను కాపాడుచున్నామని పెద్దలును, పెద్దలను కాపాడుచున్నానని బిడ్డయు అనుకొనుచుండగా, అందరిలోను ఒంటరియైనది బిడ్డయే.

మన ఆసుపత్రులలో ఈ నాటకమునకు మరియొక అంగము కలదు, అది ఇంగ్లీషు. రౌండ్సుకు వచ్చిన వైద్యులు మంచము ప్రక్క నిలిచి ఇంగ్లీషులో మాటాడుకొన్నచో పిల్లవానికి అర్థము కాదని అందరి నమ్మకము. మహబూబ్‌నగర్ జిల్లా పల్లెనుండి వచ్చి ఆరు మాసములు కీమో తీసికొన్న బిడ్డ, ఏ బడిలోను ఇంగ్లీషు చదువకయే, "నా కౌంట్స్ పడిపోయినయ్, ఇయ్యాల కీమో ఇయ్యరు" అని కొత్తగా చేరిన ప్రక్క మంచపు వానికి బోధించుచుండగా వినిన వారెవ్వరును ఆ నమ్మకమును నిలుపుకొనలేరు. మాట తెలియని చోట బిడ్డ గొంతులోని మార్పును చదువును. ఇంటివారి ప్రవర్తన గూడ వానికి రిపోర్టు వంటిదే: నిన్నటి దాక అన్నము తినలేదని కేకలు వేసిన తండ్రి ఉన్నట్టుండి ఏది అడిగినను కొనిపెట్టును, ఎన్నడును రాని మేనమామ రైలెక్కి వచ్చును, ఫోను ఎంత సేపు చూచినను ఎవరును వలదనరు. అందువలననే, ఉన్న నియమములను ఉన్నట్లే కొనసాగించుడని, వీలైనంత వరకు చదువును, చిన్న చిన్న పనులను, అవసరమైనచో మందలింపును గూడ మానవలదని మానసిక నిపుణులు తలిదండ్రులకు చెప్పుదురు. ఇది కాఠిన్యముగ తోచవచ్చును గాని, తనను మందలించువారు గల బిడ్డకు రేపటి మీద నమ్మకము మిగిలియుండును.

మాటాడిన తలిదండ్రులకు తరువాత పశ్చాత్తాపము కలుగలేదా యను ప్రశ్నకు స్వీడను దేశము నుండి 2004లో ఒక సమాధానము వచ్చినది. ఉల్రికా క్రైక్‌బర్గ్స్ మొదలైనవారు, 1992కును 1997కును నడుమ కేన్సరు వలన బిడ్డను కోల్పోయిన తలిదండ్రులను దేశమంతట వెదకి ప్రశ్నించిరి. ఈ విషయమై సమాధానమిచ్చిన 429 మందిలో 147 మంది బిడ్డతో మరణమును గూర్చి మాటాడిరి. వారిలో ఒక్కరును అందులకు విచారింపలేదు. మాటాడని వారిలో 258 మంది తమ మనస్సును తెలుపగా, 69 మంది, అనగా నూటికి 27 మంది, మాటాడియుండిన బాగుండెడిదని చింతించిరి. బిడ్డకు తెలిసిపోయినదని తమకు తోచియు ఊరకుండిన వారిలో ఈ చింత నూటికి 47 మందికి కలుగగా, అట్లు తోచనివారిలో 13 మందికే కలిగెను. ఈ అంకెలను ఎత్తి చూపి ప్రతి తండ్రియు బిడ్డను కూర్చుండబెట్టి ఉపన్యసింపవలెననుట తొందరపాటని నా అభిప్రాయము. మాటాడనివారిలో అధికసంఖ్యాకులు విచారింపనే లేదు. పైగా ఇందులో లెక్కించినది పెద్దల మనస్సును గాని, పోయిన పిల్లల మనస్సును గాదు. వీని వలన తేలు విషయము ఇంకను సూక్ష్మమైనది: బిడ్డ తలుపు తట్టుచున్నట్లు తెలిసియు తెరువకపోవుటయే తరువాత బాధించును.

ఇక చేయవలసినది ఏమి యనునప్పుడు, సలహాలకన్న ముందు నొప్పిని చూడవలెను. నొప్పితో మెలికలు తిరుగుచున్న పిల్లవానికి ఓదార్పు చెప్పుట వ్యర్థము. వాని మనస్సుకు అప్పుడు వేరొక విషయమునకు చోటు లేదు. జోయన్ వుల్ఫ్ మొదలైనవారు బోస్టనులో, బిడ్డలను కోల్పోయిన 103 మంది తలిదండ్రుల నడిగి 2000లో ప్రకటించిన పరిశోధనములో, నూటికి 89 మంది పిల్లలు కడపటి నెలలో ఏదో ఒక లక్షణముచే మిక్కిలి బాధపడిరనియు, నొప్పికి చికిత్స పొందినవారిలో ఆ చికిత్స ఫలించినది నూటికి 27 మందికే యనియు తేలెను. అంత సంపన్నమైన ఆసుపత్రుల సంగతి యట్లుండ, మన దేశమున 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము వలన నొప్పిని తగ్గించు మార్ఫిను దొరకుటయే దుర్లభమయ్యెను. 2014లో ఆ చట్టమును సవరించిన పిమ్మట గాని నియమములు కొంత సడలలేదు. నొప్పి ఎంతయని చెప్పలేని పసివారి కొరకు అమెరికాలో డోనా వాంగ్, కాన్నీ బేకర్ అను ఇరువురు స్త్రీలు రూపొందించిన ఆరు మొగముల పటము, నవ్వు మొగము మొదలు ఏడ్పు మొగము వరకు గలది, నేడు మన వార్డులలోను కనబడును. పిల్లవాడు వేలు పెట్టి చూపును. నర్సు అంకె వ్రాసికొనును. తన మాటను ఎవరో వ్రాసికొనుచున్నారన్నదియే వానికి మొదటి ఊరట.

నొప్పి తగ్గిన పిదప ఆట. ఇది కాలక్షేపమని తలచుట పొరపాటు. వియన్నాలో పుట్టి మాంటిసోరి పద్ధతిలో శిక్షణ పొందిన ఎమ్మా ప్లాంక్ 1955లో క్లీవ్‌లాండు ఆసుపత్రిలో ఆటను వైద్యములో ఒక భాగముగ నెలకొల్పినది మొదలు, ఇది ఒక వృత్తిగనే పెరిగినది. పిల్లవాని చేతికి ఒక గుడ్డబొమ్మను, సూది లేని సిరంజిని, కాన్యులా గొట్టమును, ప్లాస్టరు ముక్కను ఇత్తురు. వాడు బొమ్మ చేయి వెదకి, దూదితో తుడిచి, "కదలకు, చీమ కుట్టినట్టే ఉంటుంది" అని తనకు చెప్పిన మాటనే దానికి చెప్పి గుచ్చును. ఒక మారు కాదు, పది మారులు. తనకు జరుగుట తప్ప తాను చేయుట ఎరుగని ఆ బిడ్డకు అక్కడ కర్తృత్వము లభించును. కొందరు బొమ్మను కొట్టుదురు. కొందరు దుప్పటి కప్పి మంచము క్రింద దాచుదురు. ప్రక్కన కూర్చున్నవారు తప్పుపట్టరు, అర్థములు చెప్పరు, "ఈ బుజ్జికి ఇప్పుడు ఎలా ఉందిరా?" అని మాత్రము అడుగుదురు. బొమ్మ పేర బిడ్డ చెప్పు జవాబులో, తన పేర చెప్పలేనిది చాల వరకు వచ్చును. అందు తరచుగ బయటపడునది చావు భయము కాదు, తప్పు భావన: అమ్మ మాట వినలేదు గనుక, తమ్ముని కొట్టినాడు గనుక, దేవుడు ఈ జబ్బు ఇచ్చెనని ఐదారేండ్ల పిల్లలలో పెక్కుమంది నమ్ముదురు. "నువ్వు చేసిన దేని వల్లా ఇది రాలేదు" అను వాక్యమును పలుమార్లు, తేటగా చెప్పుట ఈ చికిత్సలో ఒక ముఖ్యమైన మోతాదు.

పిల్లలు పెద్ద ప్రశ్నను అడుగుటకు మనుష్యుని, సమయమును తామే ఎన్నుకొందురు. సాధారణముగ అది తలిదండ్రులును కాదు, పెద్ద డాక్టరును కాదు. రాత్రి దీపములు తగ్గించిన పిమ్మట నేల తుడుచుచున్న ఆయమ్మను "ఆయమ్మా, పక్క మంచం బాబు ఏడి?" అని అడుగుదురు. "ఊరెళ్ళాడు" అన్నచో, తాను చూచినదానికి అది సరిపడదు గనుక, వాడు ఆమెను మరల అడుగడు. "నిద్రపోయాడు" అన్నచో తాను నిద్రపోవుటకు జంకును. అందువలన మంచి ఉపశమన చికిత్సా విభాగములలో ఆయాలకు, వార్డుబాయిలకు సైతము శిక్షణ యిత్తురు. "నేను చచ్చిపోతానా?" అన్నప్పుడు అవునని గాని కాదని గాని వెంటనే చెప్పక, "ఎందుకలా అనిపించింది నాన్నా?" అని అడిగి, కూర్చుండి వినవలెనని నేర్పుదురు. ఏలయన ఆ ప్రశ్న వెనుక నున్నది వేరు కావచ్చును: నొప్పి పుట్టునా, అమ్మ ప్రక్కన నుండునా, నా సైకిలు ఎవరికిత్తురు, చెల్లి నన్ను మరచిపోవునా. పసివానికి ఎడబాటే భయము. అమ్మ ఉండునని చెప్పుటయే వానికి నిజమైన జవాబు. పదునారేండ్ల వాని సంగతి వేరు. రిపోర్టు మీది పేరును వాడు ఫోనులో ఎన్నడో వెదకి చదివియుండును. వానికి కావలసినది నిర్ణయములలో పాలు. అట్టివారు తమ కోరికలను తామే వ్రాసికొనుటకు వీలుగ అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలోని లోరీ వీనర్ మొదలైనవారు 2012లో 'వాయిసింగ్ మై చాయిసెస్' అను పుస్తకమును సిద్ధపరచిరి: ఎవరు చూడవచ్చినచో ఇష్టము, బాధగ నున్నప్పుడు ఏమి చేయవలెను, తన వస్తువులు ఎవరికి చెందవలెను.

హైదరాబాదులో 1955 నుండి నడచుచున్న ఎం.ఎన్.జె. కేన్సరు ఆసుపత్రిలో, డాక్టర్ గాయత్రీ పాలాట్ మొదలైనవారి పూనికచే పెరిగిన ఉపశమన చికిత్సా విభాగము పిల్లలను ప్రత్యేకముగ చూచుచున్నది. దూరపు ఊళ్ళనుండి వచ్చిన కుటుంబములకు సెయింట్ జూడ్ ఇండియా వారి వసతి గృహములు, ముంబయిలో 2006లో మొదలైనవి, హైదరాబాదులోను తోడ్పడుచున్నవి. ఇంటికి చేరిన రోగుల కొరకు తెలంగాణలో 'ఆలన' వాహనములు పల్లెలకు పోవుచున్నవి. ఇంటికి పోవుట పిల్లలకు ఇష్టము. అయినను ఇంటిలో మరియొక బాధితుడు కాచుకొని యుండును. అమ్మ ఆసుపత్రిలోను, నాన్న కూలిపనిలోను ఉండగా నాయనమ్మ వద్ద పెరిగిన అన్నయో చెల్లెలో, ఎవరును ఏమియు చెప్పక, "మంచిదానివి కదా, అల్లరి చేయకు" అను ఒక్క మాటతో నెలలు గడిపియుండును. ఆ బిడ్డను గూడ బొమ్మల ప్రక్కన కూర్చుండబెట్టి, జబ్బు అంటునది కాదని, తాను తిట్టుట వలన రాలేదని చెప్పి, ఏదో ఒక చిన్న సేవలో పాలు పంచుకొననీయవలెను.

2015లో నిపుణులు కూడి కేన్సరు పిల్లల మానసిక సంరక్షణకు 15 ప్రమాణములను ప్రకటించిరి. తోబుట్టువులకు అండ అందులో ఒకటి. బిడ్డ పోయిన పిమ్మట చికిత్స చేసిన బృందములోని వారొకరు ఆ కుటుంబముతో కనీసము ఒక్క మారైనను మాటాడవలెననుట మరియొకటి. రెండు మూడేండ్లు ఇంటివలె మెలగిన వార్డుతో సంబంధము ఒక్క దినమున తెగిపోవుట ఆ తలిదండ్రులకు రెండవ నష్టము గనుక ఈ నియమము అవసరమైనది. ఫోను చేసిన నర్సును వారు అడుగునవి బిల్లులును కాదు, రిపోర్టులును కాదు, "మాతో ఏమీ అనలేదమ్మా, మీతో ఏమైనా అన్నాడా?" అని అడుగుదురు. అందులకే అనుభవము గల విభాగములలో, పిల్లవాడు ఆటగదిలో గీసిన బొమ్మలను తేదీ వేసి దాచుదురు. ఎవరికి చూపవచ్చునో, ఎవరికి చూపరాదో వాడు బ్రతికి యుండగనే వానిని అడిగి, ఆ బొమ్మ వెనుకనే వ్రాసికొందురు.